కడప బండ కర్బన పాదముద్ర: గని నుంచి ఓడరేవు దాకా లెక్క ఎలా కట్టాలి?

ప్రశ్న: తాడిపత్రి_పాలిష్

అందరికీ నమస్కారం. మాది తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ. కొలిమిగుండ్ల వైపు నుంచీ, యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నుంచీ ముడి బండలు లారీల్లో తెప్పించుకొని, అంచులు కోసి, పాలిష్ పట్టి, చెన్నైలోని ఎగుమతిదారుకు అమ్ముతాము. ఇన్నేళ్లుగా మందం, రంగు, పగుళ్లు, ధర తప్ప మరో మాట అడగని ఆ ఎగుమతిదారు, ఐరోపాలోని కొనుగోలుదారు పంపిన ఒక ఫారాన్ని ఈమధ్య మాకు పంపి నింపమన్నారు. ఒక చదరపు మీటరు బండ తయారై ఫ్యాక్టరీ గేటు దాటే సరికి ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు వెలువడ్డాయో, ఆ లెక్కలో స్వయంగా కొలిచిన సమాచారం ఎంత శాతమో, ఏ ప్రమాణం ప్రకారం కట్టారో అందులో రాయాలట.

కరెంటు బిల్లులు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. జనరేటర్‌కు పోసే డీజిలు లెక్క కూడా ఉంది. అయితే గని దగ్గర ఖర్చయ్యే డీజిలు సంగతి మాకు తెలియదు, అడిగితే గని యజమానులు చెప్పడం లేదు. ఒక కన్సల్టెన్సీ వారు, ఇవేవీ అవసరం లేదనీ, అంతర్జాతీయ సగటు అంకె ఒకటి తీసుకొని వారంలో ధ్రువపత్రం ఇస్తామనీ అంటున్నారు. అలా చేయడం సబబేనా? గనిలో తీసిన రాయిలో చాలా భాగం ముక్కలుగా పోతుంది కదా, దాని భారం ఎవరి మీద వేయాలి? ఐరోపా వారు సరిహద్దులో వేస్తున్న కర్బన పన్ను మన బండలకు కూడా వర్తిస్తుందా? ఈ పని తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు: యర్రగుంట్ల_పర్యావరణం

నేను సిమెంటు పరిశ్రమలో ఉద్గారాల లెక్కలు చూసే పనిలో ఉన్నాను. మీ చివరి ప్రశ్నకు జవాబు చిన్నది కనుక ముందు అదే చెబుతాను. ఐరోపా సమాఖ్య సరిహద్దు కర్బన పన్ను, అంటే సీబీఏఎం, సిమెంటు, ఇనుము-ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తుకు సంబంధించినది. 2023 అక్టోబరు 1 నుంచి వివరాలు సమర్పించే దశ నడిచింది, 2026 జనవరి 1 నుంచి అసలు దశ మొదలైంది. కోసి పాలిష్ పట్టిన సహజ శిల ఆ జాబితాలో లేదు. మిమ్మల్ని అడుగుతున్నది పన్ను కోసం కాదు. అక్కడ భవనాలు కట్టేవారు తాము వాడిన ప్రతి సామగ్రికీ పర్యావరణ ప్రకటన చూపించాల్సి వస్తోంది. ఆ అవసరం కొనుగోలుదారు నుంచి ఎగుమతిదారుకు, ఆయన నుంచి మీకు చేరింది.

వస్తువు పాదముద్ర, అంటే మీ ఫారంలో అడిగిన ఉద్గారాల మొత్తం, కట్టడానికి సాధారణ ప్రమాణం ఐఎస్ఓ 14067. ప్రపంచ వనరుల సంస్థ, సుస్థిరాభివృద్ధి కోసం ఏర్పడిన ప్రపంచ వ్యాపార మండలి కలిసి హరితగృహ వాయువుల లెక్కకు 2011లో తెచ్చిన జీహెచ్‌జీ ప్రోటోకాల్ వస్తు ప్రమాణం కూడా ఉంది. నిర్మాణ సామగ్రికి మాత్రం ఐరోపాలో ఈఎన్ 15804 నడుస్తుంది. అది వస్తువు జీవితాన్ని దశలుగా విడదీస్తుంది. ముడిసరుకు తీయడం ఏ1, దాన్ని ఫ్యాక్టరీకి చేర్చడం ఏ2, తయారీ ఏ3. మీ ఫారంలో అడిగిన ‘ఫ్యాక్టరీ గేటు దాకా’ అంటే ఈ మూడూ కలిపి. చెన్నై రేవు దాకా లారీ, ఆపైన ఓడ, అక్కడి లారీ, ఇవన్నీ ఏ4 కిందికి వస్తాయి. వాటిని ఏ3లో కలిపేస్తే మీ అంకె అకారణంగా పెరుగుతుంది, పైగా కొనుగోలుదారు తన వైపు నుంచి రవాణాను మళ్లీ కలుపుకుంటే ఒకే ఉద్గారం రెండు చోట్ల లెక్కకు ఎక్కుతుంది.

ఇక లెక్క తీరు. ఇందులో వాడే పరిమాణాలు కేవలం పద్ధతి చూపడానికి నేను ఊహించినవి, ఏ ఫ్యాక్టరీవీ కావు. ఒక ఫ్యాక్టరీ ఏడాదికి 1,80,000 యూనిట్ల కరెంటు వాడి, 20 మిల్లీమీటర్ల మందంలో 30,000 చదరపు మీటర్ల మంచి బండ పంపిందనుకుందాం. మన దేశ గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను కేంద్ర విద్యుత్ అథారిటీ ఏటా ప్రకటిస్తుంది. అది ఈమధ్య సంవత్సరాల్లో 0.7 కిలోలకు కాస్త పైన ఉంది. 0.72 అని తీసుకుంటే మొత్తం 1,29,600 కిలోలు, చదరపు మీటరుకు సుమారు 4.3 కిలోలు. తర్వాత గని. గనిలో ఏడాదికి 24,000 లీటర్ల డీజిలు ఖర్చై, 3,000 టన్నుల ముడి బండ బయటికి పోయిందనుకుంటే టన్నుకు 8 లీటర్లు. లీటరు డీజిలు మండితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ముడి చమురు తీసి, శుద్ధి చేసి, బంకు దాకా తెచ్చే క్రమంలో వెలువడేది కూడా కలిపితే అది 3.3 దగ్గరికి చేరుతుంది. అంటే టన్ను ముడి బండకు సుమారు 26 కిలోలు.

ఇక్కడే చాలామంది జారిపోతారు. 20 మిల్లీమీటర్ల బండ చదరపు మీటరుకు సుమారు 53 కిలోలు తూగుతుంది. కానీ దాన్ని చేయడానికి మీ గేటులోకి వచ్చిన ముడి బండ 53 కిలోలు కాదు. అంచుల కోతలో, పగుళ్లలో నాలుగో వంతు పోతుందనుకుంటే దాదాపు 71 కిలోలు వచ్చి ఉండాలి. కాబట్టి గని భారం 71 కిలోల మీద వేయాలి, అప్పుడు అది సుమారు 1.9 కిలోలు అవుతుంది. 40 కిలోమీటర్ల లారీ ప్రయాణాన్ని కూడా ఆ 71 కిలోలకే కట్టాలి. అది పావు కిలో చుట్టూ ఉంటుంది. మొత్తం ఆరున్నర కిలోల దరిదాపుల్లో తేలుతుంది. వజ్రపు పళ్ల బ్లేడ్లు, పాలిష్ రాళ్లు, పగుళ్లు నింపే రెజిన్, చెక్క పెట్టెలు దీనిపై చేరాలి. ఒక్కొక్కటి ఒక శాతం లోపు, అన్నీ కలిపి ఐదు శాతం లోపు ఉన్నవాటిని వదలడానికి ఈఎన్ 15804 అనుమతిస్తుంది కానీ, వదిలామని రాయాలి. రెజిన్‌ను మాత్రం తూకం చూడకుండా వదలవద్దు, కిలోకు దాని ఉద్గారం ఎక్కువ.

సగటు అంకె గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను, తీసుకోవద్దు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఎకోఇన్‌వెంట్ వంటి సమాచార నిధులు ఎంతో విలువైనవి, డీజిలు శుద్ధికీ, ఓడ ప్రయాణానికీ, రెజిన్‌కూ నేను కూడా వాటి మీదే ఆధారపడతాను. అయితే ‘సహజ శిల పలక’ అనే సగటు వెనుక సాధారణంగా ఉండేది పెద్ద దిమ్మెను గనిలో కోసి, ఫ్యాక్టరీలో రంపాల వరుస కింద పలకలుగా చీల్చే పద్ధతి. పాలరాయికీ గ్రానైట్‌కూ అది నిజం. మన కడప బండ, అంటే నార్జి సున్నపురాయి, పొరలు పొరలుగా పడి ఉంటుంది, పొర సందులో ఉలి, గునపం పెట్టి లేపితే పలకగానే వస్తుంది. దిమ్మెను పలకలుగా చీల్చే కరెంటు ఖర్చు మనకు లేనే లేదు. సగటు అంకె ఈ తేడాను మింగేస్తుంది. మన ప్రాంతపు రాయికి ప్రకృతి ఇచ్చిన మేలును మనమే మన ధ్రువపత్రంలో కొట్టివేసుకున్నట్టు అవుతుంది. పైగా ఆ అంకె ఏ దేశపు కరెంటుతో కట్టినదో చూడాలి. జలవిద్యుత్తు ఎక్కువగా ఉన్న దేశపు కరెంటుతో కట్టి ఉంటే అది మన ఫ్యాక్టరీకి అబద్ధం అవుతుంది, పరిశీలకుడు మొదటి చూపులోనే పట్టుకుంటాడు.

ఇంకొక మాట. మా యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లోకి వెళ్లేదీ సున్నపురాయే. అదే రాయి బట్టీలో కాలితే, స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలకు 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఆ రాయిలోంచే బయటపడుతుంది. బొగ్గు మండినందుకు వచ్చేది దానికి అదనం. అందుకే బట్టీలో కాలి, తర్వాత సిమెంటుగా నూరబడే టన్ను క్లింకర్‌కు కేవలం రసాయన చర్య వల్లనే అర టన్నుకు పైగా లెక్క వస్తుంది. మీ బండలో ఆ కర్బనం రాయిలోనే ఉండిపోతుంది. ‘సున్నపురాయి’ అనే పేరు చూసి ఎవరైనా బట్టీ ఉద్గారాన్ని మీ లెక్కలో వేస్తే ఒప్పుకోవద్దు. అలాగే రాయిలో కర్బనం నిల్వ ఉంది కనుక దాన్ని తగ్గించి చూపిస్తామని ఎవరైనా అంటే అదీ ఒప్పుకోవద్దు. అది కోట్ల ఏళ్ల కిందటే రాయైపోయింది, అందులో మన ఘనత ఏమీ లేదు.

జవాబు: గని_లెక్కలు

నేను కొలిమిగుండ్ల దగ్గర గనుల్లో లెక్కలు రాసేవాణ్ని. గని యజమానులు డీజిలు లెక్క ఎందుకు చెప్పరో మా వైపు నుంచి చెప్పాల్సిన అవసరం ఉంది. గనిలో ఖర్చంటే ప్రధానంగా రెండే, కూలి, డీజిలు. టన్నుకు ఎన్ని లీటర్లు పట్టిందో చెబితే మా అసలు ధర ఎంతో కొనేవారికి తెలిసిపోతుంది, మరుసటి లోడుకు ధర తగ్గించమంటారు. ఆ భయం న్యాయమైనదే. దాన్ని పక్కన పెట్టి ‘పారదర్శకత’ అని ఎంత చెప్పినా ఎవరూ పుస్తకం తెరవరు.

రెండో సంగతి, లెక్క ఉన్నా అది మీకు పనికొచ్చే రూపంలో ఉండదు. డీజిలు డ్రమ్ముల్లో వస్తుంది, అక్కడి నుంచి డబ్బాలతో కొంత తవ్వే యంత్రమైన ప్రొక్లెయిన్‌కు, కొంత కంప్రెసర్‌కు, కొంత కోత యంత్రాల జనరేటర్‌కు, వానాకాలంలో కొంత నీళ్లు తోడే ఇంజనుకు పోస్తారు. పుస్తకంలో మాత్రం ‘డీజిలు, ఇన్ని డ్రమ్ములు, ఇంత రొక్కం’ అని ఒక్క వరుస ఉంటుంది. ఒకే ప్రొక్లెయిన్ రెండు గనుల్లో పనిచేసిన రోజులూ ఉంటాయి. అందుకని నేను చెప్పేది, ప్రొక్లెయిన్‌లో గంటల మీటరు ఉంటుంది కదా, రోజు మొదట్లో, చివర్లో దాని అంకె రాయించండి. ట్యాంకు నింపి, కొన్ని రోజులు నడిపి, మళ్లీ నింపి చూస్తే గంటకు ఎన్ని లీటర్లో తేలుతుంది. బయటికి పోయిన రాయి తూకానికి రాయల్టీ పర్మిట్లు, కాటా చీటీలు ఉంటాయి. పర్మిట్‌లోని టన్నులకూ కాటాలోని టన్నులకూ తేడా వస్తే కాటానే నమ్మాలి.

ముక్కల సంగతి కూడా అడిగారు. పై మట్టి, పనికిరాని పొరలు తీస్తేనే మంచి పొర దొరుకుతుంది. బండను వేలి కణుపులతో కొడితే గంటలా మోగాలి, మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు, దాన్ని అక్కడే పక్కన పడేస్తారు. గని గట్టు మీద కొండలా పేరుకున్నదంతా అలా పడేసినదే. దాన్ని తీయడానికి మండిన డీజిలు కూడా మంచి బండ ఖాతాలోకే రావాలి, ఎందుకంటే మంచి బండ కోసమే అది తీశాము. కానీ మా దగ్గర కొంత ముక్క రాయి గోడలకూ పునాదులకూ అమ్ముడవుతుంది. దానికి వాటా ఇవ్వాలా, వద్దా? యర్రగుంట్ల అన్నగారు చెప్పాలి.

కూలీల శ్రమకు లెక్క ఉందా అని కూడా కొందరు అడుగుతుంటారు. నాకు తెలిసినంతలో మనిషి చేతి కష్టాన్నీ, పనికి వచ్చి పోయే ప్రయాణాన్నీ ఈ పాదముద్రలో కలపరు. బ్రిటన్‌లో 2008లో వచ్చిన పాస్ 2050 అనే పాదముద్ర ప్రమాణం ఆ మాట స్పష్టంగా రాసింది.

జవాబు: యర్రగుంట్ల_పర్యావరణం

ముక్క రాయి అమ్ముడైతే అది ఉప ఉత్పత్తి, దానికి వాటా ఉంటుంది. అయితే టన్నుల ప్రకారం పంచితే అన్యాయం జరుగుతుంది. గని నుంచి ఏడు టన్నుల ముక్క, మూడు టన్నుల బండ అమ్ముడైందనుకోండి. తూకం ప్రకారం పంచితే డెబ్బై శాతం ఉద్గారం ముక్క మీద పడి, బండ పాదముద్ర చూడముచ్చటగా తగ్గిపోతుంది. కానీ ముక్క కోసం ఎవరూ గని తవ్వరు. రెండింటి ఆదాయంలో తేడా ఎక్కువగా ఉన్నప్పుడు ఆదాయం ప్రకారమే పంచాలని ఈఎన్ 15804 చెబుతుంది, 25 శాతం దాటితే ఎక్కువ తేడాగా చూస్తారు. బండల గనిలో ఆ తేడా సాధారణంగా దానికి మించే ఉంటుంది. కాబట్టి ముక్క అమ్మకం ఆదాయంలో ఐదు శాతమైతే ఐదు శాతం ఉద్గారమే దాని ఖాతాకు పోవాలి. అమ్ముడు కాకుండా గట్టు మీద పడి ఉన్నదానికి ఏ వాటా లేదు. ‘రేపు అమ్ముతాం’ అన్న మాట ఈ ఏడాది లెక్కలో చెల్లదు.

ధర బయటపడుతుందన్న భయానికి దారి ఉంది. కంపెనీల మధ్య ఇలాంటి అంకెల మార్పిడి కోసం పైన చెప్పిన ప్రపంచ వ్యాపార మండలి ఆధ్వర్యంలో ‘ప్యాక్ట్’ అనే ఏర్పాటు నడుస్తోంది. అందులో సరఫరాదారు తన డీజిలు, కరెంటు వివరాలు ఇవ్వడు. తన వస్తువు టన్నుకు ఇన్ని కిలోలు అన్న ఫలితం, ఏ హద్దుల మధ్య కట్టాడో, ఎంత శాతం తాను కొలిచినదో, ఎవరు పరిశీలించారో, అంతవరకే ఇస్తాడు. మన గనులు ఆ పద్ధతిని కాగితం మీదైనా పాటించవచ్చు. గని పుస్తకాన్ని ఇరుపక్షాలకూ నమ్మకమైన ఆడిటర్ ఒకరు చూసి, ‘టన్ను ముడి బండకు ఇన్ని కిలోలు’ అని ఒక్క అంకె రాసి సంతకం చేస్తే చాలు, లీటర్లు ఫ్యాక్టరీకి తెలియనక్కరలేదు. అయితే డీజిలు ఒక్కటే ఉంటే ఆ కిలోల్ని భాగించి లీటర్లు కనుక్కోవచ్చు కదా అంటారేమో. నిజమే, కనుక్కోవచ్చు. అందుకే రెండు మూడు గనుల నుంచి కొనేవారికి గనుల సగటును మాత్రమే ఆడిటర్ ఇవ్వడం మేలు.

ప్రశ్న: ఓర్వకల్లు_విద్యుత్

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. మా కర్నూలు దగ్గర గని అనే ఊళ్లో, శకునాల గ్రామంలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి పనిచేస్తోంది. అనంతపురం, కడప వైపు కూడా సోలార్, గాలిమరలు నిండి ఉన్నాయి. మన చుట్టూ తయారయ్యేది శుభ్రమైన కరెంటు అయినప్పుడు దేశమంతటి సగటు 0.72ను తాడిపత్రి ఫ్యాక్టరీ మీద ఎందుకు రుద్దాలి?

జవాబు: యర్రగుంట్ల_పర్యావరణం

మీ బాధ అర్థమైంది, మన ఎండ, మన భూములు ఇచ్చి కూడా లెక్కలో మనకు దక్కకపోవడం కష్టంగానే ఉంటుంది. కానీ ఆ పార్కుల కరెంటు గ్రిడ్‌లో కలిసిపోతుంది. దానిని ఒప్పందం మీద కొన్నవారు తమ ఖాతాలో రాసుకుంటారు. పక్కనే ఉన్నామని మనమూ రాసుకుంటే ఒకే యూనిట్ రెండు చోట్ల శుభ్రమవుతుంది. 2015లో వచ్చిన జీహెచ్‌జీ ప్రోటోకాల్ విద్యుత్ మార్గదర్శకం సంస్థలను రెండు అంకెలూ చూపమంటుంది, ఒకటి గ్రిడ్ సగటుతో, రెండోది మీరు నిజంగా ఏ ఒప్పందంతో కొన్నారో దానితో. తాడిపత్రి ఫ్యాక్టరీ తన రేకుల మీద సోలార్ పలకలు పెట్టుకొని, ఆ యూనిట్లను తానే వాడుకుంటే వాటిని నిస్సందేహంగా విడిగా లెక్కించవచ్చు. పలకల తయారీలో వెలువడినది కలుపుకున్నా అది గ్రిడ్ అంకె ముందు చాలా చిన్నది. నా ఉదాహరణలో ఆరున్నర కిలోల్లో 4.3 కరెంటుదే కదా, పాదముద్ర నిజంగా తగ్గించాలంటే మొదట చేయి పెట్టాల్సింది అక్కడే.

అలాగే ఓడ గురించి ఒక్క మాట. చెన్నై నుంచి సూయజ్ మీదుగా ఉత్తర ఐరోపా రేవులకు దాదాపు 14,000 కిలోమీటర్లు. కంటెయినర్ ఓడకు టన్ను-కిలోమీటరుకు, అంటే ఒక టన్నును ఒక కిలోమీటరు మోయడానికి, 12 గ్రాములు వేసుకున్నా చదరపు మీటరు బండకు 9 కిలోల చుట్టూ వస్తుంది, అంటే నా ఉదాహరణలోని గని, ఫ్యాక్టరీ కలిపిన దానికంటే ఎక్కువ. 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో దాడుల వల్ల చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి. అలా వెళ్తే దూరం వేల కిలోమీటర్లు పెరుగుతుంది. ఇది మీ ఫారంలోకి రాదు కానీ, తాడిపత్రి నుంచి చెన్నైకి ఉన్న 350-400 కిలోమీటర్ల లారీ ప్రయాణం గురించే అందరూ దిగులు పడుతుంటారు కనుక చెబుతున్నాను. ఆ లారీ వాటా ఒకటిన్నర, రెండు కిలోలకు మించదు. లారీ ఖాళీగా తిరిగి వస్తే మాత్రం ఆ ప్రయాణాన్నీ కలపాలి. రవాణా లెక్కకు 2023లో ఐఎస్ఓ 14083 అనే ప్రత్యేక ప్రమాణం వచ్చింది, అదీ ఆ మాటే చెబుతుంది.

ప్రశ్నించినవారు: తాడిపత్రి_పాలిష్

ఇంత ఓపికగా చెప్పిన అందరికీ కృతజ్ఞతలు. కన్సల్టెన్సీ వారి సగటు అంకె తీసుకోవడం లేదు. మేము కొనే గనుల యజమానులతో మాట్లాడి, ఆడిటర్ చేతి మీదుగా ఒక్క అంకె ఇప్పించుకునే ఏర్పాటు చేస్తాను. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. మేము 20 మిల్లీమీటర్లే కాక 12, 30 కూడా చేస్తాము, మూడింటికీ కలిపి ఒకే అంకె ఇవ్వవచ్చా? ఎగుమతిదారు తొందర పెడుతున్నారు కనుక గనిలో గత మూడు నెలల డీజిలు మాత్రమే తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: గని_లెక్కలు

మూడు నెలలు వద్దండి. వేసవిలో మూడు నెలలు చూస్తే మా గని ఎంతో పొదుపుగా కనిపిస్తుంది. వానలు పడ్డాక గుంతలో నీళ్లు నిలిచి, ఇంజన్లు పగలూ రాత్రీ తోడుతూనే ఉంటాయి, ఆ రోజుల్లో బండ మాత్రం సగం కూడా బయటికి రాదు. అంటే డీజిలు పెరుగుతుంది, టన్నులు తగ్గుతాయి. ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు నెలలు కలిపితేనే గని నిజం తెలుస్తుంది. మా పుస్తకాలు కూడా ఆ సంవత్సరం ప్రకారమే మూస్తాము కనుక ఆడిటర్‌కు తేలిక.

జవాబు: యర్రగుంట్ల_పర్యావరణం

ఆయన చెప్పినదే సరి, ఈఎన్ 15804 కూడా తయారీదారు సమాచారాన్ని ఏడాది సగటుగానే అడుగుతుంది. మందాల విషయంలో మూడు అంకెలు ఇవ్వండి. గని, లారీ భారం మందంతో పాటు దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది కానీ, పాలిష్ కరెంటు పెరగదు. 12 అయినా 30 అయినా పాలిష్ పట్టేది పైముఖానికే. అంచుల కోత ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అందుకే 20 మిల్లీమీటర్ల అంకెను మందంతో హెచ్చవేసి మిగతావి రాబట్టవద్దు. కోత యంత్రాలకూ పాలిష్ యంత్రాలకూ వేర్వేరు సబ్ మీటర్లు పెట్టించండి, ఖర్చు పెద్దది కాదు. ఈ నెల నుంచే రోజూ ఆ రెండు మీటర్ల అంకెలతో పాటు ఏ మందం ఎన్ని చదరపు మీటర్లు పోయిందో ఒకే పుస్తకంలో పక్కపక్కన రాయించండి. ఇప్పుడు పంపే ఫారంలో ఏడాది బిల్లులతో కట్టిన అంకెను 20 మిల్లీమీటర్లకు మాత్రమే ఇచ్చి, మిగతా రెండు మందాలకు సబ్ మీటర్ల సమాచారం వచ్చాక ఇస్తామని రాయండి. అందులో తప్పేమీ లేదు.